పది వారాల చదువు

సిపాయిలు ఆయన్ని రసమట్టం మాస్టారు అనేవారు. నేల సమంగా ఉందో లేదో చూసే ఆ పనిముట్టు ఎప్పుడూ ఆయన చంకలోనే ఉండేది. తుపాకీ తప్ప మరొకటి ఎరగని సిపాయిలకు రోడ్లు, వంతెనలు కట్టడం నేర్పే సైనిక బడిలో ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నారు.

ఆయన చేరిన కొత్తలో శిక్షణ ఏడాది. కుర్రాళ్ళు కాంక్రీటు తామే పోసి, తామే తడిపి, ఇరవై ఎనిమిదో రోజున తామే పగలగొట్టి బలం చూసుకునేవారు. తర్వాత అది తొమ్మిది నెలలైంది, ఆ తర్వాత ఆరు. వచ్చిన ప్రతి పెద్ద అధికారీ ఒక కోత కోసి బదిలీ అయిపోయేవాడు. చివరికి పది వారాలు మిగిలాయి. వాననీటి పారుదల పాఠం మొత్తం ఎత్తేశారు. వద్దని మాస్టారు ఉత్తరం రాసి మొత్తుకున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఒక అధికారి అయితే కాంక్రీటు పరీక్ష మూడో రోజే ముగించమన్నాడు.

"కాంక్రీటుకు మన ఆర్డర్లు చదవడం రాదండీ," అన్నారు మాస్టారు.

ఆ ఒక్క మాటకు ఆయన ప్రమోషన్ ఏడాది వెనక్కి పోయింది.

పోనీ నేర్చుకున్నవాళ్ళనైనా ఆ పనిలో ఉంచారా అంటే అదీ లేదు. కంటిచూపుతోనే నేల వాలు చెప్పగల సిపాయి ఒకడు ఓ రోజు అధికారి కారు నడుపుతూ మాస్టారికి ఎదురయ్యాడు.

మొన్నటి వానల్లో ఆయన శిష్యులు వేసిన శిబిరం రోడ్డు కొట్టుకుపోయింది. వాననీళ్ళు రోడ్డు కిందుగా పోవడానికి తూము పెట్టలేదు. పెట్టాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. విచారణకు మాస్టారినే పిలిచి ఆ పాఠం ఎందుకు చెప్పలేదని అడిగారు. ఆయన తన పాత ఉత్తరం నకలు తీసి బల్ల మీద పెట్టారు. కొత్త అధికారి రెండుసార్లు చదివాడు, నొచ్చుకున్నాడు, అక్కడికక్కడే పారుదలకు రెండు గంటలు కేటాయించాడు. పునాదుల పాఠంలోంచి తీసి.

భోజనానికి కూర్చున్నప్పుడు ఇదంతా విని, భార్య గరిటె పక్కన పెట్టేసింది.

"ఎన్నాళ్ళని చిల్లుకుండలో నీళ్ళు పోస్తారు? మానేసి రండి."

"నేనొచ్చేస్తే ఆ రెండు గంటలూ తీసేస్తారే," అన్నారాయన.

సోమవారం ఆయన నల్లబల్ల ముట్టుకోలేదు. మైదానంలో సిపాయిల చేత చిన్న మట్టిరోడ్డు వేయించి, ట్యాంకరు నీళ్ళు వదిలించారు. రోడ్డు నడిమికి తెగింది. తూము ఎక్కడ పెట్టాలో వాళ్ళు అడగడం మొదలుపెట్టారో లేదో, కవాతు గంట మోగింది. అందరూ పరుగెత్తారు.

బురదలో ఒక్కరే మిగిలిన మాస్టారు, ఈ పాఠం పూర్తిచేయడానికి వచ్చే వారం పునాదుల్లో ఇంకే ముక్క వదిలెయ్యాలా అని లెక్క వేసుకుంటూ చాలాసేపు నిలబడ్డారు.