ఎడమ చక్రం కింది చప్పుడు

2011లో, తెలంగాణ ఉద్యమం ఊరూరా రోడ్డెక్కిన రోజుల్లో, నేను జనగామలో ఒక ప్రభుత్వ శాఖ వాహనాల షెడ్డులో హెడ్ మెకానిక్‌గా పనిచేస్తున్నాను. హెల్పర్, మెకానిక్, హెడ్ మెకానిక్, ఆ పైన ఫోర్‌మన్. అదీ మా వరుస. ఫోర్‌మన్ కుర్చీ ఖాళీగా ఉండడం వల్ల ఏ బండికి ఏ భాగం మార్చాలో తేల్చి సంతకం పెట్టే అధికారం నా చేతికొచ్చింది. దాన్ని కొంచెం ధారాళంగానే వాడేవాణ్ణి.

మా బండ్లలో ఒక పాత తెల్ల కారు ఉండేది. కంటి ఆపరేషన్ చేయించుకోవాల్సిన ముసలివాళ్ళను పల్లెల నుంచి జనగామ దవాఖానకు తీసుకురావడం దాని పని. గుంతలో పడితే ముందువైపు టక్కుమంటోందని డ్రైవర్ యాకయ్య ఫిర్యాదు పుస్తకంలో రాశాడు. నేను బండి చుట్టూ ఒకసారి తిరిగి, షాకబ్జార్బర్లు పోయాయని రాసి, ముందరివి రెండూ మార్పించాను. వారానికి యాకయ్య మళ్ళీ వచ్చాడు.

“సార్, చప్పుడు గట్లనే ఉన్నది. ఒక్కపారి మీరే కూసోని సూడుండ్రి” అన్నాడు.

నా సంతకం మీదే అనుమానమా అని చిర్రెత్తింది. అయినా వెళ్ళాను.

ఆ రోజు తరిగొప్పుల నుంచి నలుగురిని తేవాలి. నెలకోసారి వరంగల్ నుంచి వచ్చే కంటి డాక్టరు మూడింటిలోపు చేరినవాళ్ళనే ఆ రోజు ఆపరేషన్లకు తీసుకుంటారు. అది తప్పితే మరో నెల ఆగాల్సిందే. వచ్చిన నలుగురిలో కొమురవ్వ పెద్దది. రెండు కళ్ళకూ పొరలే. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, మిగతా ముగ్గురితో నేను వెనక ఇరుక్కున్నాను.

మొదటి గుంతకే టక్కుమంది. కొత్త షాక్‌లు సర్దుకోవడానికి కొన్నాళ్ళు పడుతుందని వెనక నుంచి గంభీరంగా చెప్పాను.

కొమురవ్వ తల తిప్పింది. “ఏం షాకులో ఏమో బిడ్డా. గిది పైనుంచి వస్తలేదు. నా కాళ్ళ కింద, ఎడమ దిక్కు కొడుతున్నది. ఇసుర్రాయి నడిమి మేకు అరిగితె గిట్లనే అంటది.”

యాకయ్య నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. నేను కిటికీలోంచి పొలాలు చూశాను.

జనగామ ఇంకా కొంత దూరం ఉందనగా వంటావార్పు ఎదురైంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకు తింటూ, రాకపోకలు ఆపే నిరసన అది. డప్పులు, జెండాలు, పులిహోర వాసన. కంటి రోగుల బండి అని తెలియగానే “ఇడువుండ్రి, దవాఖాన బండి!” అని ఒక గుండిగను పక్కకు జరిపారు. ఆ సందులోంచి పోతుంటే ఎడమ చక్రం తారు అంచు దిగి గుంతలో పడింది. ఈసారి టక్ కాదు, ఫట్! స్టీరింగ్ యాకయ్య చేతిలోంచి ఎడమకు గుంజుకుపోయింది. ఆపమని అరిచి, నలుగురినీ దింపి రోడ్డు పక్కన కూర్చోబెట్టించాను.

ముందు బానెట్‌ను బలంగా కిందికి నొక్కి వదిలాను. షాక్ పోతే బండి ఊగుతూనే ఉంటుంది. ఇది ఒక్కసారి లేచి నిలబడిపోయింది. అంటే తప్పు షాక్‌లది కాదు. ఇక చక్రం గాల్లో వేలాడాలి. జాకీ పెడితే తడి నేలలో కూరుకుపోయింది. నేను నోరు తెరిచేలోపే ఇరవై మంది చేతులు వేశారు. “జై తెలంగాణ!” అన్న ఒక్క కేకకు కారు పైకి లేచింది. మనుషులు ఎత్తి పట్టుకున్న బండి కింద తల పెట్టకూడదు. పొయ్యిల దగ్గరున్న రెండు లావు తుమ్మ మొద్దులు తెప్పించి ఊతంగా పెట్టించాను.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. డప్పుల మోతలో ఏమీ వినిపించలేదు. ఆపమని బతిమాలినా ఎవరికీ వినపడలేదు. అప్పుడు కొమురవ్వ లేచింది.

“ఓ డప్పులోల్లారా! జర ఆపుండ్రి! బండి ఏందో చెప్తున్నది, ఇననియ్యుండ్రి!”

అంతమందీ గప్‌చుప్. ఆ నిశ్శబ్దంలో నేను చక్రం ఊపితే, కింద స్పష్టంగా టక్.

బాల్ జాయింట్. చక్రాన్ని కింద పట్టి ఉంచే ఇనుప ఆర్మ్‌కు కలిపే గుండ్రటి కీలు. రబ్బరు టోపీ చినిగి, గ్రీజు ఎండి, లోపలంతా తుప్పు. ఇంకో రెండు గుంతలు పడితే అది ఊడి, చక్రం మడత పడి, కారు బోర్లా పడేదే. 

కొత్తది కావాలి. ఉద్యమం పిలుపుతో ఆ రోజు బంద్, దుకాణాలేవి? పులిహోర కలుపుతున్న సత్తార్ భాయ్ తెడ్డు ఆపాడు. జనగామలో విడిభాగాల దుకాణం ఆయనది.

“నా దగ్గర ఉన్నది సార్. గని బంద్‌ల నా షట్టర్ నేనే లేపితె ఏం ఇజ్జత్ ఉంటది?”

అక్కడికక్కడే చేతులెత్తించారు. చేతులతో పాటు గరిటెలూ లేచాయి. షట్టర్ సగమే లేపాలని తీర్మానం! సత్తార్ భాయ్ మోటార్ సైకిల్ మీద వెళ్ళి, ముప్పావు గంటలో పొట్లంతో తిరిగొచ్చాడు. “సగమే లేపిన. వంగి పోయిన, వంగి వచ్చిన!” అని అందరికీ చెప్పాకే నా చేతిలో పెట్టాడు.

ఆర్మ్‌కు మూడు బోల్టులు, చక్రం వైపు ఒక నట్టు. అవి తేలిగ్గానే వచ్చాయి గానీ కీలుకున్న ఇనుప కాడ గూట్లో బిగుసుకుపోయింది. దాన్ని సూటిగా కొట్టకూడదు, అది కూర్చున్న గూటి పక్కన కొట్టాలి. ఒక్కో దెబ్బకూ జనం లెక్కపెట్టారు. ఏడో దెబ్బకు ఊడింది. డప్పులు ఒక్కసారిగా మోగాయి. కొత్తది బిగించి, నట్టు వదులు కాకుండా పిన్ను వంచి, లేచి నిలబడ్డాక నా కాళ్ళు వాటంతటవే ఆడాయి. డ్యూటీ యూనిఫాంలో ఆడడం నా సర్వీసులో అదొక్కసారే. కొమురవ్వ నా మోచెయ్యి పట్టుకుని నాకంటే బాగా ఆడింది.

రెండున్నరకు దవాఖాన చేరాం. దారిలో చప్పుడు లేదు. నలుగురికీ ఆపరేషన్లు జరిగాయి.

మర్నాడు కుడివైపు కీలు కూడా మార్పించి, చక్రాల అలైన్‌మెంట్ సరిచేయించాను. నేను తీసేయించిన షాక్‌లను పరీక్షిస్తే రెండూ బాగానే ఉన్నాయి. ఆ సంగతి రిజిస్టర్‌లో నా పేరుతోనే రాశాను. చప్పుడుకు భాగం పేరు తొందరపడి పెట్టకూడదు. అది ఎక్కడ వినిపిస్తోందో బండిలో కూర్చున్న ప్రతి ఒక్కరినీ అడగాలి, చక్రం ఎత్తి చేత్తో చూడాలి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. రిటైరయ్యేదాకా నేను పాటించిన వరుస ఇదే.