గ్లాసులో ఉడికిన నీళ్లు

మూడు జ్వరం మాత్రలతో మా తాలూకా నీళ్లన్నీ విషమని తేల్చిన ఘనుణ్ణి నేనే. నవ్వేది తర్వాత నవ్వుదురుగాని, ముందు నా మీద కాస్త జాలిపడండి.

నాకు అనుమానం ఎక్కువ. పావగడ దగ్గర సోలార్ పార్కు పెట్టిన కొత్తలో, ఈ పలకలు ఎండంతా పీల్చేస్తే మా శనక్కాయ చేలకు ఏం మిగులుతుందని ఊరంతా తిరిగి అడిగాను. అదే పార్కులో పలకల కింద గడ్డి తీసే పని మా ఆవిడ రత్నమ్మకు దొరికింది. తెల్లారితే చేరాలి. రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని మేస్త్రీ ముందే చెప్పాడు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఆమెకు జ్వరం. ఒంటి మీద రొట్టె కాల్చుకోవచ్చు, అంత వేడి!

వై.ఎన్.హొసకోటకు పోయి అడిగితే, మందుల షాపతను నాలుగు పెద్ద మాత్రలిచ్చి, "నీళ్లలో వేసి తాపు" అన్నాడు. ఇంటికొచ్చి ఫిల్టరు నీళ్లలో ఒకటి వేశాను. అంతే! పొయ్యి లేదు, మంట లేదు, గ్లాసులో నీళ్లు బుసబుసమని పొంగాయి.

"తాగొద్దే! ఈ నీళ్లలో ఏందో ఉండాది!"

"జ్వరం నాకొచ్చిందా, నీకొచ్చిందా? ఇట్లియ్యి" అంది రత్నమ్మ.

వింటానా? మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, పళ్లు పచ్చబడతాయని పుట్టినప్పటి నుంచీ వింటున్నవాణ్ణి. గ్లాసు పారబోసి, బోరు నీళ్లలో రెండోది వేశాను. పొంగింది. అదీ పారబోసి, పక్కింటి ట్యాంకరు నీళ్లలో మూడోది వేశాను. అదీ పొంగింది! నాలుగోదాని కోసం చూస్తే అట్ట ఖాళీ. నీళ్లకు కరువున్న ఊళ్లో రెండు నిండు బిందెలు వీధిలో కుమ్మరించి, షాపతనికి ఫోన్ చేశాను.

"అప్పా, మా ఊరి నీళ్లన్నీ చెడిపోయినాయి! నీ మాత్రే పట్టిచ్చినాది!"

"అయ్యో సామీ, నీళ్లకేం కాలేదు. ఆ మాత్రలోనే సోడా ఉప్పు, నిమ్మ ఉప్పు ఉండాయి. పొడిగా ఉన్నంతసేపు ఊరకుంటాయి. నీళ్లు తగిలితే రెండూ కలిసి గ్యాస్ పుట్టిస్తాయి. ఆ పొంగులో మాత్ర కరిగిపోతాది. కరిగిన మందు కడుపులో పడితే తొందరగా పనిచేస్తాది. ఇంతకీ ఆయమ్మ తాగిందా?"

హొసకోటకు చివరి బస్సు అప్పటికే పోయింది. రేపటి పనీ పోయినట్టే.

"మాత్రలు అయిపోయినాయప్పా..."

మంచం మీద నుంచి రత్నమ్మ ఖాళీ గ్లాసు ఎత్తి చూపింది. అడుగున ఇంకా నాలుగు బుడగలు.

"నువ్వు మొదటి గ్లాసు పారబోసినప్పుడే నీమీద నాకు అనుమానమొచ్చినాది. ఒకటి దిండు కింద పెట్టుకుంటి."

రాత్రికి చెమట పట్టి జ్వరం దిగింది. పొద్దున్నే క్యారియర్ పట్టుకుని ఆమె పనికి బయలుదేరుతుంటే, వాకిట్లో నిలబడి గంభీరంగా ప్రమాణం చేశాను.

"ఇంక ఈ జన్మలో దేన్నీ అనుమానించను!"

ఆమె వెనక్కొచ్చి నా నుదురు తాకి చూసింది.

"ఒళ్లు కాలడం లేదే..." అంది.