మడత మార్చిన చీర

మా వీధిలో క్రమశిక్షణ గురించి ఎవరికైనా చెప్పవలసి వచ్చినప్పుడు నేను పక్కింటివారి చీరను ఉదాహరణగా చెప్పేదాన్ని. పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఉదాహరణలు చెప్పడం నాకు అలవాటు. వస్తువు దాని చోట ఉండాలి, పని దాని వేళకు జరగాలి అన్నది నా పట్టుదల. తిరువూరులో ఈ విషయంలో నాకు సరిజోడు పక్కింటి పెద్దావిడ ఒక్కరే.

వారు ముస్లిములు. దర్జీపని ఆ ఇంటి జీవనాధారం. బస్టాండు దగ్గర దుకాణం ఉంది. ఆవిడను నేను అక్కగారూ అని పిలుస్తాను, ఆవిడ నన్ను టీచరుగారూ అంటారు. ఆవిడ అత్తగారి నాటి పట్టుచీర ఒకటి వారి బీరువాలో ఉంటుంది. పండుమిరప రంగు, జానెడు జరీ అంచు. ఆ ఇంట ఏ ఆడపిల్లకు నిఖా జరిగినా, ఆ ఇంటికి ఏ కోడలు వచ్చినా, పెళ్లికూతురి తరఫున మాట తీసుకునే పెద్దమనిషి, అంటే వకీలు, సాక్షులను వెంటబెట్టుకుని వచ్చి సమ్మతి అడిగే వేళ పెళ్లికూతురి తలమీద ఆ చీరే ఉండాలి. మిగతా రోజుల్లో దానిని ఎవరూ కట్టరు. దానిమీద సూది పడకూడదని కూడా ఒక కట్టుబాటు. దర్జీ ఇంట్లో కుట్టు పడని బట్ట అదొక్కటే.

ఏటా రంజాను వెళ్లాక అక్కగారు ఆ చీరను నీడలో పరిచి, గాలి తగలనిచ్చి, మళ్లీ మడిచేవారు. అత్తగారు మడిచిన మడతల మీదే, ఒక్క గీత అటూ ఇటూ కాకుండా. ఆ మడత చూసినప్పుడల్లా నాకు పాఠశాల గంట సరిగ్గా వేళకు మోగినంత తృప్తి కలిగేది.

ఈ ఏడాది చీర పరిచినప్పుడు ఆవిడ నన్ను గోడ దగ్గరికి పిలిచారు. మడత పడిన ప్రతిచోటా పట్టు పగిలింది. చిరుగు కాదు, ఎండిన చెరువు నేలలా సన్నని బీటలు. వెలుతురుకు ఎత్తి పడితే వాటిలోంచి అవతల గోడ కనిపించింది. ఆవిడ మనవరాలికి రెడ్డిగూడెం సంబంధం కుదిరి ఉంది. అవతలివారికి మామిడికాయల లారీలు ఉన్నాయి. కాయల కోతలు ముగిశాక నిఖా అని నిశ్చయించుకున్నారు.

ఆ అమ్మాయి జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తుంది. చట్రానికి బట్ట బిగించి వంగి కూర్చుంటే పిలిచినా పలకదు. పెళ్లి బట్టల విషయంలో ఆమె కోరిక ఏదీ పెద్దది కాదు. లెహంగా ఎవరికి నచ్చినది వారు కొనవచ్చునని చెప్పింది. తలమీద మాత్రం ఆ చీర ఉండాలని పట్టుబట్టింది. వాళ్లమ్మ తలమీద అది ఉండగా తీసిన ఫోటో చూస్తూ పెరిగిన పిల్ల. అక్కగారి భయం వేరు. సమ్మతి అడుగుతుండగా అత్తింటివారి ముందు చీర మనవరాలి తలమీద చిరిగితే ఆ మాట ఊరంతా చెప్పుకుంటుంది, పిల్ల మనసులో అది జీవితమంతా ఉండిపోతుంది.

నేను అక్కగారి పక్షం వహించాను. జీర్ణమైన వస్తువును వాడుక నుంచి తప్పించి భద్రపరచడమే మర్యాద అని నా అభిప్రాయం. విజయవాడలో పాత బట్టలు, బొమ్మలు, చేతిపనుల వస్తువులు ఉంచిన మ్యూజియం ఒకటి ఉందని, అక్కడ వాటిని ఎంత శ్రద్ధగా కాపాడతారో అమ్మాయి ఒకసారి చూస్తే తానే అర్థం చేసుకుంటుందని చెప్పాను. ముగ్గురం బయలుదేరాం.

ఉదయపు ఎక్స్‌ప్రెస్ బస్సులో సీట్లు దొరికాయి. ఆడవాళ్లకు ఇప్పుడు ప్రయాణం ఉచితమే అయినా కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. అక్కగారు దాన్ని కూడా భద్రంగా పర్సులో పెట్టుకున్నారు. ఆవిడ ఒడిలో ఒక గుడ్డసంచి ఉంది. మధ్యాహ్నానికి పులిహోర నేను తెస్తానని ముందే చెప్పాను కనుక, నా మాట వినకుండా ఆవిడ కూడా ఏదో వండి తెచ్చారని లోలోపల విసుక్కున్నాను. మైలవరం దాకా అమ్మాయి కిటికీలోంచి మామిడితోటలు చూస్తూ కూర్చుంది. నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. నేను ఎవరి పక్షమో ఆమెకు తెలుసు.

మ్యూజియం గుమ్మంలో సంచులు కౌంటరులో ఇచ్చి లోపలికి వెళ్లాలి. అది సరైన నియమం. నా సంచి ఇచ్చేశాను. అక్కగారు ఇవ్వనన్నారు. నియమం అందరికీ ఒకటేనని, అన్నం గిన్నెలను ఎవరూ ఎత్తుకుపోరని నేను కొంచెం గట్టిగానే చెప్పాను. ఆవిడ బురఖా కొంగుతో సంచిని కప్పుకుని, నా చెవి దగ్గరికి వంగారు.

“అన్నం కాదండీ టీచరుగారూ. చీర. వీళ్లు పుచ్చుకుంటానంటే ఇచ్చేసి పోదామని తెచ్చాను.”

మెల్లగా అన్న మాటే అయినా అమ్మాయికి వినిపించింది. ఆమె ఏడవలేదు, వాదించలేదు. గోడకు ఆనుకుని నిలబడి, “ముందే చెబితే నేను రాకపోదునుగా నానమ్మా” అంది.

నేను కోరుకున్నదే జరగబోతున్నది. అయినా ఆ పిల్ల ముఖం చూసి నాకు సంతోషం కలగలేదు.

కౌంటరులోని ఆయన లోపలికి కబురు పంపాడు. బట్టల విభాగం చూసే ఆవిడ వచ్చింది. ముప్పై దాటని వయసు, గంజిపెట్టిన నేతచీర, చేతులకు తెల్లని గుడ్డ తొడుగులు. సంగతి విని, చీర తర్వాత చూస్తానని, ముందు తమ బట్టలు చూడమని మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. గదిలో వెలుతురు తక్కువ. బట్టకు వెలుతురు కూడా శత్రువేనట. కలంకారీ తెరలు, ఇకత్ రుమాళ్లు, అద్దాలు కుట్టిన గాగ్రాలు, ఏ వస్తువుకు ఆ వస్తువు తన అరలో, తన చీటీతో ఉన్నాయి. ఇంత పద్ధతిగా ఉన్న గదిని నేను చాలాకాలంగా చూడలేదు. అమ్మాయికి ఒక్కో అర దగ్గరా పాఠం చెప్పాలనిపించింది, చెప్పాను కూడా. ఆమె నన్ను దాటి, మెల్లగా ముందుకు నడిచింది.

అక్కగారు ఒక అర ముందు ఆగిపోయారు. లోపల ఎర్రటి పెళ్లిముసుగు ఒకటి వెడల్పుగా పరిచి ఉంది. అంచు వెంబడి జరీ పువ్వులు. ఆవిడ నన్ను చీటీ చదవమన్నారు. బట్ట రకం, రంగు అద్దిన తీరు, దొరికిన ప్రాంతం ఉన్నాయి. చదివి వినిపించాను.

“ఎవరి నెత్తిన వేశారో రాశారా?”

లేదన్నాను. బట్టల ఆవిడ నొచ్చుకోకుండా జవాబు చెప్పింది. చాలా బట్టలు తమ దగ్గరికి చేరేసరికి కట్టుకున్నవారి ఊసు చెప్పేవారు ఎవరూ ఉండరట. తెలిస్తే తప్పక రాస్తారట. అక్కగారు చాలాసేపు ఆ ముసుగునే చూశారు. మళ్లీ ఆవిడ చూపు కిందికి, ముసుగు అడుగుకు వెళ్లింది. ఎర్రబట్ట కింద అదే వన్నెలో మరో పలుచని బట్ట ఉంది. రెండింటినీ కలుపుతూ కంటికి ఆననంత సన్నని కుట్లు.

కుట్టారా అని అక్కగారు అడిగారు. దర్జీ ఇంటి ఆడమనిషికి ఆ కుట్టు దొరకకుండా పోతుందా? కుట్టామని బట్టల ఆవిడ చెప్పింది. పాతబట్ట తన బరువు తానే మోయలేదు, కింద మరో బట్ట పెడితే అది మోస్తుంది. చిరుగును బిగించి మూయరు. ఉన్నదాన్ని ఉన్నచోటే నిలబెడతారు.

అప్పటిదాకా వెనక నిలబడి ఉన్న అమ్మాయి అద్దానికి ముక్కు ఆనేటంత దగ్గరికి వచ్చింది. “ఇది లైనింగే కదండీ” అంది. బట్టల ఆవిడ నవ్వేసింది. తాము దీనికి పెద్ద పేరే పెట్టుకున్నామని, కానీ సంగతి మాత్రం లైనింగేనని ఒప్పుకుంది.

లోపలి గదిలో పొడవాటి బల్లమీద మా చీర విప్పారు. బట్టల ఆవిడ వంగి, ఒక్కో మడతనూ వేలితో తాకకుండానే పరీక్షగా చూసింది. ఏళ్ల తరబడి ఇలాగే మడిచారా అని అడిగింది.

“మా అత్తగారు మడిచినట్టే మడిచానమ్మా. ఒక్క గీత తప్పలేదు.”

“అందుకేనమ్మా” అంది ఆమె, ఎంతో మర్యాదగా.

ఒకేచోట మడత పడితే పట్టు, జరీ అక్కడే అలిసిపోయి తెగుతాయట. మడత మారుస్తూ ఉండాలి. అంతకన్నా మేలు, మడతే లేకుండా గొట్టానికి చుట్టి ఉంచడం. అక్కగారు బల్ల అంచు పట్టుకుని ఆ గీతల మీదికి వంగారు. నేను వీధి వీధంతా ఉదాహరణగా చెప్పిన మడత అది. పాఠశాలలో గుడ్డమీద అచ్చువేసిన దేశపటాలను మడవనివ్వక చుట్టించేదాన్ని నేనే. పటం విషయంలో తెలిసిన సంగతి చీరకూ వర్తిస్తుందని మాకిద్దరికీ తోచనే లేదు. అత్తగారి మడత అనేటప్పటికి అది బట్ట సంగతి కాకుండా పోయింది.

చీరను మ్యూజియానికి ఇస్తారా అని బట్టల ఆవిడే అడిగింది. ఇస్తే ఎవరెవరి తలమీద ఉన్నదో అన్నీ చీటీలో రాస్తామంది. అక్కగారు బురఖా సర్దుకున్నారు, మనవరాలి వైపు చూశారు.

“ఆ రాసేదాంట్లో దీని పేరు కూడా ఉండాలి కదమ్మా. ముందు దీని నెత్తిన పడనీయండి.”

అమ్మాయి వచ్చి నానమ్మ చేయి పట్టుకుంది. వేస్తే చిరగదా అని బట్టల ఆవిడను అడిగింది నేను. చిరగదని తాను మాట ఇవ్వలేనని, కట్టడం, కుచ్చిళ్లు పెట్టడం, లాగడం మాత్రం కూడదని, లైనింగు వేసి, కూర్చున్న మనిషి తలమీద పరిచి, అయిపోగానే తీసేస్తే మోయగలదని ఆమె చెప్పింది. ఏ దారం వాడాలో, ఎంత వదులుగా కుట్టాలో అమ్మాయికి చూపించింది. అమ్మాయి ఫోనులో ఫోటోలు తీసుకుంది. సూది పడకూడదన్న కట్టుబాటు గురించి నేను గుర్తు చేశాను. నియమమన్న తర్వాత ఎవరో ఒకరు గుర్తు చేయాలి.

“అది చీర బాగున్నప్పటి మాట లెండి టీచరుగారూ” అన్నారు అక్కగారు.

తిరుగు బస్సులో పులిహోర ముగ్గురం తిన్నాం. అమ్మాయి నాకే ముందు పెట్టింది.

ఆపైన పక్కింటి ముందుగదిలో మగ్గం చట్రానికి జాకెట్లు ఎక్కలేదు. మల్లు అనే పలుచని ఎర్రటి నూలుబట్ట బిగించి, దానిమీద చీరను కొంచెం కొంచెంగా పరుస్తూ అమ్మాయి కుట్టింది. చూపు ఆననందుకు విసుక్కుంటూనే అక్కగారు పక్కన కూర్చుని జరీ అంచు సవరించి పట్టుకునేవారు. మొదటి కుట్టు మాత్రం ఆవిడే వేశారు.

నిఖా నాడు నేను లోపలి గదిలో, పెళ్లికూతురికి ఎదురుగా కూర్చున్నాను. వకీలు, సాక్షులు వచ్చారు. అక్కగారు, కోడలు చెరో పక్కా పట్టి చీరను అమ్మాయి తలమీద పరిచారు. ఆమె సమ్మతి చెబుతూ తల వంచినప్పుడు నా చూపు ఆమె ముఖం మీద లేదు. మడత గీతల మీద ఉంది. ఒక్కటీ విచ్చలేదు. అక్కగారు అప్పుడు మనవరాలిని చూసి, తర్వాత నన్ను చూశారు. తల ఊపాను.

పెళ్లివారు రెడ్డిగూడెం వెళ్లిపోయాక చీరను గొట్టానికి చుట్టవలసిన పని మిగిలింది. బట్టల కొట్టు నుంచి గుడ్డ తానులు చుట్టే అట్టగొట్టం తెప్పించి, దానికి ఉతికిన తెల్లబట్ట తొడిగి, చీరను చుట్టాం. అది బీరువాలో పట్టలేదు. ఏ అరలో పెట్టినా తలుపు పడదు. ఒక వస్తువు చోటు లేకుండా మంచం మీద పడి ఉండడం నేను చూడలేకపోయాను. పాఠశాలలో పాతవి తీసేసినప్పుడు తెచ్చుకున్న గుడ్డ పటాలు ఉంచడానికి నేను పొడవాటి అలమార చేయించుకున్నాను. అందులో ఒక అర ఖాళీ చేశాను.

ఇప్పుడు దేశపటానికీ కృష్ణానది పటానికీ మధ్య ఆ చీర ఉంది. తాళంచెవి అక్కగారి దగ్గరే ఉంటుంది. అది నా షరతు. ఆవిడ వచ్చినప్పుడల్లా ఇద్దరం చీర విప్పి, ప్రతిసారీ కొస మార్చి చుడతాం. మొన్న ఆవిడ వెంట చిన్న కొడుకు కూతురు వచ్చింది. రెండో తరగతి. చేతులు కడుక్కుంటేనే తాకాలని నేను చెబితే, కడుక్కుని వచ్చి, తడి ఆరేదాకా రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.