కంప్యూటరుకు మేత

నిన్న మా ఆఫీసులో కొత్త కంప్యూటరు పెట్టారు. చెవి ఆనించి విన్నా చప్పుడు లేదు. నాకు వెంటనే మల్బరీ ఆకు గుర్తొచ్చింది.

ఎనభైల చివర్లో, కళ్యాణదుర్గంలో మా అమ్మ పట్టుపురుగులు పెంచేది. తట్టల్లో అవి ఆకు తింటుంటే సన్నటి జల్లు పడుతున్నట్టు ఉండేది. మా సీమలో ఆకాశం కంటే ఆ తట్టలే నయం, రోజూ వాన చప్పుడు వినిపించేవి.

"చప్పుడు ఆగితే ఆకలైనట్టే పాపా. ఆకు వేయాల" అని అమ్మ నేర్పింది.

నాయన అటెండరుగా ఉన్న ఆఫీసుకు అప్పుడే కంప్యూటరు వచ్చింది. క్యారియరు ఇవ్వడానికి వెళ్తే, ఆ పెట్టెలోంచి అదే కరకర! వింటుండగానే ఆగిపోయింది. దానికి ఆకలైందనుకున్నాను. ఇంటికి పరుగెత్తి లేత ఆకులు తెచ్చి, పెట్టె ముందున్న సందులో నాలుగు దూర్చాను.

"ఏమప్పా, ఫ్లాపీ పెట్టేచోట ఈ ఆకేంది?" అని ఆపరేటరు అరిచాడు. నా పచ్చటి వేళ్లు చూసి నాయన పగలబడి నవ్వాడు. ఆపరేటరూ నవ్వి, మూత విప్పి చూపించాడు.

"పురుగుల్లేవు పాపా. ఈ డబ్బాలో పళ్లెం తిరుగుతాంటాది. దానిమింద ముల్లు అటూ ఇటూ ఉరుకుతాంటాది. ఆ చప్పుడే ఇది."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"మరి దానికి మేత?" అంది అమ్మ.

"కరెంటంట."

"అట్లయితే మనూర్లో అది బతికినట్టే!"

ఆ ఎండాకాలం కరెంటు కోతలకు అది సగం రోజులు పస్తులుంది. మా ఊళ్లో కంప్యూటరును అందరికంటే ముందు అర్థం చేసుకున్నది మా అమ్మే.