ఈగ కింది చీటీ

జహీరాబాద్‌లో బాబా మియాకు రెండు సంగతుల్లో పేరు. ఒకటి, వయసులో ఉండగా పెళ్ళి బ్యాండులో పెద్ద బాకా ఊదాడు. పెళ్ళికొడుకు బరాత్ ఇంకా ఊరవతల ఉండగానే ఆ బాకా విని పెళ్ళివారింట్లో భోజనాలకు దస్తర్‌ఖాన్ పరిచేవారు. రెండు, ఇప్పుడు దోమలు పడుతున్నాడు.

నవ్వకండి, అది సర్కారీ కొలువే. తెల్లవారుజామున ఇళ్ళలోకి వెళ్ళి, గోడల మీద వాలిన దోమలను టార్చి వేసి వెతికి, రబ్బరు ట్యూబు తగిలించిన గాజు గొట్టంతో నోటితో పీల్చి పట్టి, మలేరియా ఆఫీసులో ఒప్పజెప్పాలి. గొట్టంలో గుడ్డపీలిక అడ్డం లేకపోతే ఈపాటికి ఆయన సగం ఊరి దోమలను మింగేసి ఉండేవాడు.

కొలువు మాత్రం టెంపరరీ. మూడేళ్ళలో మూడుసార్లు పొడిగించారే తప్ప పర్మనెంటు చేయలేదు. దోమలు తక్కువ తెస్తున్నాడట. ఎక్కువ ఎట్లా తెస్తాడు పాపం? ఆయన వాడ ఇళ్ళలో గడప తొక్కే ముందు "పరదా!" అని కేకెయ్యాలి, ఆడవాళ్ళు పక్కకు తప్పుకోవాలి. ఆయన కేక బాకాకు తమ్ముడు. మంచాలు జరిగి, గిన్నెలు దొర్లి, కోళ్ళు లేచి, ఆడవాళ్ళతో పాటు దోమలు కూడా మర్యాదగా తప్పుకునేవి.

అరవై రెండో సంవత్సరం వానాకాలంలో గుల్బర్గా నుంచి రేవణసిద్ధప్ప అనే లెక్చరరు వచ్చాడు. ఈగల మీద పరిశోధన. మిఠాయి మీద వాలే ఈగలు కావు. సజ్జగింజంత ఒళ్ళు, ఆకుపచ్చా బంగారం కలిసిన మెరుపు, ఒంటికి మించిన పొడుగు కాళ్ళు. తడినేల పక్కన ఆకుల మీద చకచకా తిరుగుతూ, తమకంటే చిన్న పురుగులను పట్టి తింటాయి. మలేరియా ఆఫీసరు అమర్నాథ్ రెండు వారాల కోసం బాబా మియాను ఆయనకు అప్పగించాడు.

"ఈ ఈగకు కాళ్ళే ఊరూ పేరూ," అన్నాడు లెక్చరరు. "మగదాని కాళ్ళకు కుచ్చులుంటయ్. ఆడదాని ముందర నిలవడి ఊపి సూపిస్తది. ఏ జాతి కుచ్చు ఆ జాతిదే. కాలిరిగితే అది ఎవరో చెప్పలేం."

"దోమకు సుట్టమా సార్?"

"దూరపు సుట్టం. రెండిటికీ రెండే రెక్కలు."

"అయితే ఫికర్ లేదు. సుట్టాలను మస్తు పట్టిన."

"ఇంకో మాట. ఈగ కింద ఒక చీటీ గుచ్చుతం. ఊరు, తేదీ, పట్టినోళ్ళ పేరు. చీటీల అబద్ధముంటే ఎంత మంచి ఈగైనా చెత్తల పారేసుడే. కాళ్ళిరగని మగ ఈగలు పన్నెండు పట్టియ్యి, నిన్ను పర్మనెంటు చేయమని అమర్నాథ్‌కు ఉత్తరం రాస్త. నా మాట తీసెయ్యడు."

వెతకబోతే ఆ ఈగలు బాబా మియా పెరట్లోనే ఉన్నాయి. స్నానాల బండ దగ్గర నీళ్ళు పారేచోట అరటాకుల మీద మిలమిలలాడుతున్నాయి. ఆయన గొట్టం పెట్టి పీల్చాడు. బాకా ఊదిన ఊపిరి కదా! ఈగ వెళ్ళి గుడ్డపీలికకు గుద్దుకుంది. ఒళ్ళు ఒక దిక్కు, కాళ్ళు ఒక దిక్కు. మూడు రోజుల్లో ఒక డబ్బా నిండా కాళ్ళు తయారయ్యాయి గానీ, వాటి మీద నిలబడే ఈగ ఒక్కటీ లేదు.

మూడు రోజులూ వంటింటి గుమ్మంలోంచి భార్య ఈ తతంగం చూస్తూనే ఉంది.

"అజీ, ఈగలను పడుతున్నరా, బరాత్ నడుపుతున్నరా? ఇటియ్యున్రి ఆ గొట్టం."

పదిహేనేళ్ళుగా పచ్చికట్టెల పొయ్యిని ఊదుగొట్టంతో బతిమాలుతున్న మనిషి. ఎంత ఊపిరికి నిప్పు లేస్తుందో, ఎంతకు బూడిద లేస్తుందో ఆమెకు తెలుసు. ఆకు పక్కన కదలకుండా కూర్చుంది. మగ ఈగ ముందరికాళ్ళు చాపి, ఆడదాని ముందు కుచ్చులు ఊపడం మొదలుపెట్టగానే వెనకనుంచి గొట్టం పెట్టి సన్నగా పీల్చింది.

"పెండ్లి సూపులల్ల ఉన్నోనికి ఎనక ఎవరున్నరో ఏం కనవడతది?" అంది. ఈగ సీసాలో ఆరుకాళ్ళ మీద నిలబడి ఉంది.

తొమ్మిది రోజుల్లో పన్నెండు. పదో రోజు రేవణసిద్ధప్ప స్వయంగా ఇంటికొచ్చి, ముందు గదిలో కూర్చుని, భూతద్దం పెట్టి లెక్కచూశాడు. గోనెపట్టా పరదా వెనక ఇల్లాలు చాయ్ పోస్తోంది.

"డెబ్బై రెండు కాళ్ళకు డెబ్బై రెండూ ఉన్నయ్! శాబాష్ మియా!" అంటూ ఆయన అమర్నాథ్‌కు ఉత్తరం రాసి పక్కన పెట్టాడు. ఆ తరువాత చీటీలు తీశాడు. మొదటిదాని మీద జహీరాబాద్ అని రాశాడు, తేదీ వేశాడు. "పట్టినవారు: బాబా..."

బాబా మియా ఉత్తరం వంక చూశాడు. మూడేళ్ళుగా నమాజు తరువాత దువాలో అడిగింది అదే. నోరు మూసుకుంటే చాలు. కానీ అబద్ధం చీటీతో ఈ పన్నెండూ చెత్తేనని ఆయనకు తెలుసు. పొయ్యి పొగకు మండిన కళ్ళతోనే, నడుము పట్టేసినా, తొమ్మిది రోజులు ఆకు పక్కన కూర్చున్న మనిషి గుర్తొచ్చింది. సిగ్గేసింది.

"ఆగున్రి సార్. నేను పట్టలే. నేను పట్టినయ్ గా డబ్బల ఉన్నయ్, ఉత్త కాళ్ళు."

"మరి ఎవరు పట్టిన్రు?"

"ఇంట్ల."

"ఇంట్ల అని రాస్తే నడవదు. పేరు జెప్పు."

బాబా మియా పరదా వైపు తిరిగాడు. పెళ్ళయి బిడ్డ పుట్టిన నాటి నుంచి ఆమెను కూతురి పేరు కలిపి "మున్నీ కీ అమ్మా" అని పిలవడమే. పరాయి మగవాడి ముందు భార్య పేరు పలకడం ఆయన వంశంలో లేదు. గుండెనిండా ఊపిరి పీల్చాడు. పాత అలవాటు కొద్దీ అది బాకాలాగే బయటికొచ్చింది.

"ఖాతూన్!"

పరదా వెనక చాయ్ గిన్నె దబ్బున పడింది. రేవణసిద్ధప్ప చీటీ మార్చాడు, ఉత్తరం చించి ఇంకోటి రాశాడు.

రెండు నెలలకు ఆర్డరు వచ్చింది. ఆడమనిషయితే పరదా కేక అక్కర్లేదని అమర్నాథ్‌కు ఆ ఉత్తరంతో తట్టిందట. కొలువు ఖాతూన్‌ది, అదీ పర్మనెంటు. బాబా మియా ఆమె వెంట డబ్బా మోయాలి, టెంపరరీగా. ఆయన ఒక పూట ముఖం ముడుచుకున్నాడు. మర్నాడు ఆమె బురఖా వేసుకునేసరికి టార్చి తుడిచి పట్టుకుని నిలబడ్డాడు.

అప్పటి నుంచి వాడలో నలభై గడపల ముందు తెల్లారి ఒకటే కేక.

"ఖాతూన్ వచ్చింది! తలుపు తీయున్రి!"

"జర మెల్లగ," అని ఆమె గొణిగేది. "దోమలు లేస్తయ్."

"నీ పేరు కాడ పదిహేనేండ్లు మెల్లగనే ఉంటి గద," అనేవాడు బాబా మియా.