నవ్వే ఫొటో

పెద్దమనిషి ఎవరైనా మంచం పట్టాడని తెలిస్తే చాలు, చెంగల్రాయులు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కేవాడు. కుప్పం నుంచి మదనపల్లె దాకా మండీ ఓనర్లు, మాజీ సర్పంచుల జీవిత చరిత్రలన్నీ ఆయన రాసినవే. పెద్దకర్మ భోజనాల్లో విస్తరితో పాటే పుస్తకమూ పడాలని ఆయన పంతం. అందుకే మనిషి బతికుండగానే రాత మొదలయ్యేది. యాపిల్ పండ్లు చేతికిచ్చి, కళ్లద్దాలు పంచె అంచుతో తుడుచుకుని, గోడలన్నీ చూసి, ఇంటావిడను మెల్లిగా అడిగేవాడు. "అప్ప నవ్వతా ఉండే ఫొటో ఏమన్నా ఉండాదామ్మా?" పుంగనూరు ప్రెస్సు రెడ్డెప్ప ఆ సంగతి విన్నప్పుడల్లా పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఇరవై ఏళ్లుగా ఆ పుస్తకాలు అచ్చేసేదీ, వాటిలోంచి చచ్చినాయన రెండో సంసారం ప్రస్తావన కొట్టేసేదీ ఆయనే.

రెండువేల నాలుగులో రెడ్డెప్పకు లివర్ పాడైంది. చెంగల్రాయులు యాపిల్ పండ్లతో వెళ్లాడు. హాల్లో కళ్లద్దాలు తుడుచుకుని గోడలు చూశాడు. అలవాటైన నోరు ఊరుకోలేదు. "అప్ప నవ్వతా ఉండే ఫొటో ఏమన్నా ఉండాదామ్మా?" కాఫీ తెస్తున్న రెడ్డెప్ప భార్య కుప్పమ్మ అక్కడే నిలబడిపోయింది. లోపలి గదిలోంచి రెడ్డెప్ప గొంతు వినిపించింది. "ఫొటో సరేప్పా. నేను పోతే అచ్చు ఎవురేస్తారు?"

చెంగల్రాయులు గడప దగ్గరికి వెళ్లి, ధైర్యం చెప్పే గొంతుతో అన్నాడు. "నువ్వేం దిగులు పడొద్దు రెడ్డెప్పా. మదనపల్లెలో ఆఫ్‌సెట్టోళ్లతో మాట్లాడేసినాను."