మగ్గాల మోతలో

కెజియా ఆర్మరాడ్ ఇంట్లో కూడా పెదాలు సాగదీసి, కనుబొమలు ఎగరేస్తూ మాట్లాడుతుంది. "పక్కనే ఉన్నానే తల్లీ, నాకేం చెవుడు లేదు" అని మొగుడు విసుక్కుంటాడు. మాంచెస్టర్ మిల్లులో ఇరవై ఏళ్లుగా నాలుగు మరమగ్గాలు నడిపే మనిషికి ఆ అలవాటు ఎలా పోతుంది? అక్కడి మోతలో గొంతు పనికిరాదు. ఆ మూల నుంచి ఈ మూలకి నేతగత్తెలంతా పెదాలు చూసే కబుర్లు చెప్పుకుంటారు.

లండన్ నుంచి కొత్తగా వచ్చిన మేనేజరుకి ఈ సంగతి తెలియదు. సోమవారం పొద్దున షెడ్డు మధ్య నిలబడి మేస్త్రీ చెవిలో ఏదో అరిచాడు. ముప్పై గజాల అవతల నుంచి కెజియా ఆయన పెదాలు చదివేసింది: "ఆ దగ్గే ముసలిదాన్ని శనివారం పంపించెయ్. ముందే చెప్పకు." ఆ ముసలిది టామర్, కెజియాకి నేత నేర్పిన మనిషి. తల వంచుకుని తెగిన పోగు ముడేసుకుంటోంది. కెజియా తన నాలుగు మగ్గాలూ ఆపేసి, ఆ మాట పెదాలతోనే పక్కామెకి అందించింది. ఆమె మగ్గాలూ ఆగాయి. వరస వెంట వరస ఆగుతూ షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. మేనేజరు బిత్తరపోయి చూశాడు.

కెజియా చేతులు కట్టుకుని నిలబడింది. "ఇందాక మేస్త్రీ చెవిలో అన్న మాట టామరత్త మొహం చూసి అనండి దొరగారూ. మగ్గాలు ఆపాం, మీరు అరవక్కర్లేదు."